చెమట, నూనె, చేతి గడియారం

వాచీ వెనక మూత తీస్తే మనిషి ఒంటికి ఏం రాసుకుంటాడో తెలిసిపోతుంది. కొబ్బరినూనె వాడే చేతిదైతే మూత అంచున పేరుకున్న మట్టి నల్లగా, మెత్తగా ఉంటుంది, గోరుతో గీస్తే చుట్టుకుని లేస్తుంది. పౌడరు చేతిదైతే బూడిదరంగులో గట్టిపడి పెచ్చులుగా రాలుతుంది. ఈమధ్య సన్‌స్క్రీన్ చేతులు ఎక్కువయ్యాయి. ఆ మట్టి తెల్లగా, జిగురుగా ఉంటుంది. చిమటా కొసకు పట్టుకుంటే వదలదు.

నేను బెజవాడలో వాచీలు బాగుచేస్తాను. మా నాన్న కూడా ఇదే పని చేశాడు. ఆయన బల్ల మీదికి వచ్చినవి ఎక్కువగా గుమాస్తాల, మేష్టర్ల వాచీలు. నా దగ్గరికి వాటితోపాటు లక్షల ఖరీదు చేసే స్విస్ వాచీలు కూడా వస్తున్నాయి. ధర మారింది గాని లోపలి మట్టి మారలేదు. వాచీల చరిత్ర రాసినవాళ్ళంతా దాన్ని నీటి మీద సాధించిన గెలుపుగా రాశారు. సముద్రంలో ముంచారు, లోతుకు దించారు, బతికింది అంటారు. మా బల్ల దగ్గర కనిపించే చరిత్ర అది కాదు. నీళ్ళను ఆపడానికి ఏ వస్తువు తెచ్చి పెట్టారో, ఆ వస్తువునే నూనెలూ అత్తర్లూ బాములూ తింటూ వచ్చాయి.

జేబుగడియారం కాలంలో ఈ బెడద లేదు. కోటు జేబులోనో, గాంధీగారి ఇంగర్సాల్ లాగా నడుముకు వేలాడుతూనో ఉండేది. ఒంటికి తగలదు. తగిలినా చాలావాటి కేసు మందపాటి వెండో, బంగారమో. అప్పట్లో వాచీకి విషం పట్టించింది వాడేవాళ్ళు కాదు, చేసేవాళ్ళే. ఇత్తడి పలకలకు బంగారు పూత ఎక్కించడానికి బంగారాన్ని పాదరసంలో కలిపి పూసి, పాదరసాన్ని ఆవిరిగా పోగొట్టేవారు. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ళ ఆరోగ్యం ఏమైపోయిందో చెప్పనక్కర్లేదు. పాదరసానికి బంగారం మీద అంత మోజు ఉంది కాబట్టే ఇవాళ్టికీ ఒక మాట చెబుతాను: ఇంట్లో పాత థర్మామీటరు పగిలితే ముందు చేతి ఉంగరం, వాచీ తీసి దూరంగా పెట్టాలి. ఒక్క బొట్టు తగిలినా బంగారం తెల్లబడుతుంది.

మగవాళ్ళు గడియారాన్ని మణికట్టుకు కట్టడం యుద్ధాలతో మొదలైంది. 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ అధికారులు జేబువాచీలను తోలు గిన్నెల్లాంటి పట్టీల్లో పెట్టి చేతికి బిగించుకున్నారు. గుర్రం మీద కూర్చుని జేబు తడుముకునే తీరిక ఎవరికుంటుంది? అంతకుముందు చేతి గడియారం ఆడవాళ్ళ నగ. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అది మగవాళ్ళ అలవాటైపోయింది. దాంతో మూడు కొత్త శత్రువులు ఒకేసారి వచ్చిపడ్డాయి: దుమ్ము, వాన, చర్మం. మొదటి రెంటినీ ఎదుర్కోవడానికి బుర్రలు పనిచేశాయి. జెనీవాలో ఫ్రాన్స్వా బోర్జెల్ అనే కేసుల తయారీదారు 1891లోనే మిషనును కేసులోకి మరలాగా తిప్పి బిగించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ తరవాత కేసులో కేసు పెట్టి చూశారు. లోపలి వాచీకి కీ ఇవ్వాలంటే రోజూ బయటి మూత విప్పాలి. రోజూ విప్పితే మర అరిగిపోతుంది, అరిగితే దుమ్ము లోపలికి పోతుంది. దాన్ని కనిపెట్టినవాడు కీ ఇచ్చే పని ఇంకెవరికో అప్పగించి ఉంటాడని నా అనుమానం.

చిక్కంతా కీ దగ్గరే. కేసుకు ఒక పక్క బొక్క పెట్టి కడ్డీ బయటికి తీయాలి, అది తిరగాలి, అయినా నీళ్ళు చొరబడకూడదు. పెరెగో, పెరే అనే ఇద్దరు స్విస్ పనివాళ్ళు 1925లో మరతో బిగుసుకునే కీకి పేటెంటు తీసుకున్నారు. బవేరియాలో పుట్టి, లండన్‌లో వ్యాపారం పెట్టి, జెనీవాకు మారిన హాన్స్ విల్స్‌డార్ఫ్ ఆ పేటెంటు కొన్నాడు. 1926లో రోలెక్స్ ఆయిస్టర్ వచ్చింది. విల్స్‌డార్ఫ్ ఎంత మంచి వాచీ అమ్మాడో అంత మంచి ప్రకటనకర్త కూడా. 1927 అక్టోబరు 7న మెర్సిడెస్ గ్లైట్జ్ అనే టైపిస్టు ఇంగ్లిష్ చానల్ ఈదింది, అలా ఈదిన మొదటి బ్రిటిష్ స్త్రీ ఆమే. ఇంకెవరో తామూ ఈదామని అబద్ధం చెప్పడంతో ఆమె మాట మీద కూడా అనుమానం పడింది. అదే నెల 21న ఆమె మళ్ళీ నీళ్ళలో దిగింది. మెడలో ఆయిస్టర్ వేలాడుతోంది. చలికి తట్టుకోలేక ఒడ్డు చేరకుండానే పడవ ఎక్కాల్సి వచ్చింది గాని పది గంటలకు పైగా నీళ్ళలో ఉన్న వాచీ మాత్రం నడుస్తూనే ఉంది. నవంబరు 24న డైలీ మెయిల్ మొదటి పేజీ నిండా ఆ ప్రకటనే.

ఆ కథ చదివినప్పుడల్లా నాకు నీళ్ళ మీదికంటే గ్రీజు మీదికి బుద్ధి పోతుంది. ఆ రోజుల్లో చానల్ ఈదేవాళ్ళు చలికి ఆగడానికి ఒళ్ళంతా కొవ్వు, గ్రీజు దట్టంగా పూసుకునేవారు. ప్రకటనలో ఆ జిడ్డు ఊసు లేదు. అప్పటికి ఆయిస్టర్ బలం లోహపు మరల్లో ఉంది కనక జిడ్డు దాన్ని చేసేదేమీ లేదు. అసలు గండం తరవాత వచ్చింది.

మన దేశానికి సంబంధించిన ముక్క ఒకటి ఇక్కడ ఉంది. 1930లో సెజార్ ద త్రే అనే స్విస్ వ్యాపారి ఇండియా వచ్చి పోలో ఆట చూశాడు. ఆడే అధికారుల వాచీ గ్లాసులు కర్ర దెబ్బలకు పగిలిపోతున్నాయి. దెబ్బ తగలని వాచీ చేసివ్వమని ఆయన్ను అడిగారు. 1931 మార్చిలో పారిస్‌లో పేటెంటు దరఖాస్తు పడింది. కేసును బోర్లా తిప్పి గ్లాసును లోపలికి దాచుకునే రివర్సో అది. దెబ్బ గురించి అంత ఆలోచించినవాళ్ళు, ఇండియా ఎండలో ఆ చేతికి పట్టే చెమట గురించి ఏమనుకున్నారో!

చెమట విషయం స్విస్ వాళ్ళ కంటే మనకే బాగా తెలుసు. ఫేవర్ ల్యూబా వాళ్ళు 1865 ప్రాంతం నుంచే ఇండియాకు వాచీలు తెచ్చి అమ్మారు. వెస్ట్ఎండ్ కంపెనీ 1886లో బొంబాయిలో పుట్టింది. మా నాన్న పని నేర్చుకునే నాటికి ఫేవర్ ల్యూబా వాళ్ళ సీ చీఫ్, సీ కింగ్ ఉన్న చెయ్యంటే ఊళ్ళో పెద్దమనిషి చెయ్యి. పేరులో సముద్రం ఉంది గాని, చౌకరకం వాచీల కేసులు చాలావరకు క్రోమియం పూసిన ఇత్తడి, వెనక మూత ఒక్కటే ఉక్కు. 1961లో బెంగళూరులో జపాను సిటిజన్ సాయంతో హెచ్.ఎం.టి. వాచీలు మొదలయ్యాక జనతా లాంటివి ఇంటింటికీ వచ్చాయి. వాటి కేసు సంగతీ అంతే. హైదరాబాదు సనత్‌నగర్ ఆల్విన్ వాళ్ళు సీకోతో కలిసి వాచీలు చేసింది ఆ తరవాతి మాట.

ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం. పైన క్రోమియం పొర కాగితం కంటే పలచన, దాన్నిండా కంటికి కనపడని చీలికలు. చెమటలో ఉప్పుంది, లాక్టిక్ ఆమ్లం ఉంది. ఆ చీలికల్లోంచి దిగి ఇత్తడిని తింటుంది. ముందు పట్టీ కట్టే కొమ్ముల లోపలివైపు, మణికట్టు ఆనే చోట పూత ఉబ్బుతుంది. తరవాత చిన్న గుంటలు. ఆ గుంటల్లో పచ్చటి చిలుము. నాన్న దాన్ని పుల్లతో గీకి, సుద్దపొడి పెట్టి రుద్ది, "బాబాయ్ గారూ, మీ చెమట వాచీని తినేస్తోందండీ" అనేవాడు. పెద్దమనుషులు నొచ్చుకునేవారు. నిజానికి అందరి చెమటా ఒక్కటి కాదు. పక్కపక్క బల్లల్లో కూర్చునే ఇద్దరు గుమాస్తాలు ఒకే రోజు కొన్న జనతాల్లో ఒకటి కొత్తగా మెరుస్తుంటే రెండోది కొమ్ములు కరిగిపోయి వచ్చేది. కాలవ మీద పడవలు నడిపేవాళ్ళ వాచీల కంటే మిఠాయి కొట్ల వాళ్ళ వాచీలే ముందు పాడయ్యేవి. నీళ్ళు ఆరిపోతాయి. నెయ్యి, నూనె ఆరవు, ఉప్పునీ మట్టినీ పట్టుకుని అక్కడే కూర్చుంటాయి.

క్షౌరశాలల వాళ్ళది ఇంకో రకం. వాళ్ళు జుట్టుకు వేసే రంగుల్లో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది. ఇత్తడికి అమ్మోనియా ఎంత పగో బ్రిటిష్ సైన్యానికి ఇండియాలోనే తెలిసివచ్చింది. గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలం వచ్చేసరికి వాటంతటవే పగుళ్ళిచ్చేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, గొట్టాన్ని సాగదీసేటప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి చేసిన పని అది. ఆ సంగతి విడమరచి చెప్పడానికి శాస్త్రజ్ఞులకు 1921 దాకా పట్టింది. రంగు వేసే చేతికి వాచీ వద్దని నాన్న ఊరికే అనలేదు. ఆయనకు తూటాల కథ తెలియదు, నల్లబడ్డ కేసులు మాత్రం తెలుసు.

ఇక గ్లాసు. మనం గ్లాసంటాం గాని ఆ కాలపు వాచీల మీద ఉన్నది ఆక్రిలిక్. జర్మనీలో 1933లో ప్లెక్సిగ్లాస్ పేరుతో బజారుకొచ్చిన ఆ ప్లాస్టిక్కు వాచీలకు వరమే. పగలదు, కేసులో నొక్కిపెడితే బిగుతుగా కూర్చుంటుంది, గీతలు పడితే పాలిష్‌తో పోతాయి. నీళ్ళకు చెక్కుచెదరదు. కాని అత్తరులోని స్పిరిట్టు, గోళ్ళరంగు తీసే అసిటోన్, తలనొప్పి బాముల్లోని తైలాలు దానికి పడవు. బిగించి ఉన్న గ్లాసు అంచున మొదట సాలెగూడు లాంటి సన్నటి గీతలు పుడతాయి. దీపం దగ్గర పెట్టి వంచి చూస్తేనే కనిపిస్తాయి. ఆ గీతల్లోంచే రేపు నీరు దిగుతుంది.

బామంటే తెలుగువాళ్ళకు మొదట గుర్తొచ్చేది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే. కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి వెళ్ళి 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు. ఆ సంపాదనతోనే 1908లో ఆంధ్రపత్రిక. ఆ పసుపు సీసా లేని తెలుగిల్లు ఉండేదా? దాని వెనకే 1919లో బొంబాయి నుంచి అఫ్గాన్ స్నో, ఆ తరవాత కోల్డ్ క్రీములు, వానిషింగ్ క్రీములు. చూడండి, చేతి గడియారం, క్రీము డబ్బా మన మధ్యతరగతి ఇళ్ళలోకి ఇంచుమించు ఒకే తరంలో వచ్చాయి. రెండూ మణికట్టు దగ్గర కలుసుకున్నాయి. నుదుటికి బాము రుద్దుకునే చెయ్యే వాచీకి కీ ఇచ్చే చెయ్యి. ఏ కంపెనీ బామయినా సరే, అందులో కర్పూరం, పుదీనాపువ్వు, నీలగిరి తైలం లాంటివి ఉంటే అది ప్లాస్టిక్కుకూ రబ్బరుకూ మంచిది కాదు. తప్పు బాముది కాదు, అది నుదుటికి చేసిన మందు.

రబ్బరు అన్నాను. ఈ కథకు ఇరుసు అదే. మొదట్లో మూతకూ కేసుకూ మధ్య తోలు, కార్కు, సీసం లాంటి మెత్తటి వస్తువులు పెట్టారు. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నీల్స్ క్రిస్టెన్సెన్ అనే ఆయన 1937లో గుండ్రటి రబ్బరు రింగును గాడిలో కూర్చోబెట్టే ఉపాయానికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఆయన ఆలోచన బ్రేకుల గురించి. యుద్ధంలో అది విమానాలకెక్కింది. యుద్ధం తరవాత వాచీల్లోకి దిగింది. 1953లో బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్ లాంటి డైవింగు వాచీలు వచ్చేసరికి నీళ్ళను ఆపే భారం చాలావరకు ఆ రింగు మీదికి వచ్చింది. ఒత్తిడి పెరిగేకొద్దీ రింగు గాడిలో ఇంకా బిగుసుకుంటుంది. ఎంత చక్కటి ఊహ!

కాని సహజ రబ్బరు నూనె తాగుతుంది. తాగి ఉబ్బుతుంది, ఉబ్బి మెత్తబడుతుంది, చివరికి తారులా సాగుతుంది. అందుకే నూనెకు ఆగే నైట్రైల్ రబ్బరు వాడటం మొదలుపెట్టారు. ఇది జర్మనీలో 1930లలో పుట్టింది. మిషన్ నూనెకు బాగా ఆగుతుంది. కాని అత్తర్లలో, సన్‌స్క్రీన్లలో, దోమల మందుల్లో ఉండేవి మిషన్ నూనెలు కావు, ఎస్టర్లూ ఇతర ద్రావకాలూ. వాటిలో చాలావాటికి నైట్రైల్ లొంగిపోతుంది. అమెరికా సైన్యం 1946లో అడవి యుద్ధాల కోసం తెచ్చిన డీట్ అనే దోమలమందు దోమను తరుముతుంది, ప్లాస్టిక్కును కరిగిస్తుంది. అది రాసుకున్న చేత్తో ముట్టుకుంటే ఆక్రిలిక్ గ్లాసు మీద వేలిముద్ర శాశ్వతంగా పడిపోతుంది.

రింగు ఒక్కరోజులో చావదు. కీ చుట్టూ, మూత అంచుకూ రోజూ కాస్త క్రీము చేరుతుంది. సగం ఎండి దుమ్ముతో కలిసి సానరాయి ముద్దవుతుంది. కీ తిప్పినప్పుడల్లా లోపలి రబ్బరును అరగదీస్తుంది. ఒక వానాకాలంలో గ్లాసు లోపల ఆవిరి పడుతుంది. యజమాని వచ్చి "వానలో తడిశాను, ఇది వాటర్‌ప్రూఫ్ కదా" అంటాడు. వాన ఏం చేసింది పాపం, తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చింది. డయలు మీద ముప్పై మీటర్లనో వంద మీటర్లనో రాసిన అంకె నీటి ఒత్తిడి గురించి చెప్పే మాట, అది కూడా రింగులు కొత్తగా ఉన్న రోజున.

మేం మాత్రం రసాయనాలు వాడమా అంటే, వాడతాం. నాన్న మిషను విప్పి పెట్రోలులో కడిగేవాడు. స్పిరిట్టు సీసా బల్ల మీద ఉన్నా, పళ్ళచక్రాన్ని ఆపి వదిలే ఫోర్కును మాత్రం అందులో ముంచనిచ్చేవాడు కాదు. దాని కొసల్లోని కెంపురాళ్ళను అతికించేది లక్క. లక్క స్పిరిట్టులో కరుగుతుంది. కోట్ల ఖరీదు చేసే వాచీలో కూడా ఇవాళ్టికీ ఆ రాళ్ళను పట్టి ఉంచేది చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కే. ఈ సంగతి చెబితే కొందరు షావుకార్లు నమ్మలేదు.

పెళ్ళిళ్ళ గురించి చెప్పకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. అల్లుడికి వాచీ పెట్టడం మనవైపు ఒకప్పుడు మాటల్లో రాసుకునే లాంఛనం. గిల్టు కేసు కాంచన్ కోసం హెచ్.ఎం.టి. షోరూముల దగ్గర పడిగాపులు పడ్డ మామగార్లను పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ వాచీ పెళ్ళికొడుకు చేతికెక్కేది నలుగూ, పసుపూ, గంధమూ, పన్నీరూ, అత్తరూ ఒంటి నిండా ఉన్న రోజున. పసుపు రంగు నీళ్ళలో పెద్దగా కరగదు, నూనెలో హాయిగా కరుగుతుంది. నూనెతో కలిసిన పసుపు తోలు పట్టీలోకి, దారపు కుట్లలోకి, తెల్ల ప్లాస్టిక్కులోకి దిగిందంటే దాన్ని పీకడం ఎవరి తరమూ కాదు. మాఘమాసం, ఫాల్గుణమాసం దాటాక మా కొట్టుకు పచ్చబెల్టుల వాచీలు వరసగా వచ్చేవి. గిల్టు కూడా పసుపుతో పోలేదు, ఆ పసుపు వదిలించాలని ఇంట్లో చింతపండు పెట్టి తోమడంతో పోయింది.

ఇప్పుడు కాంచన్ స్థానంలో స్విస్ వాచీలు. ఇత్తడి పోయి ఉక్కు వచ్చింది. మామూలుగా వాడే 316ఎల్ చాలదని రోలెక్స్ 1985లో 904ఎల్ అనే రకానికి మళ్ళింది, ఉప్పుకు గుంటలు పడటం దీనిలో తక్కువ. ఆక్రిలిక్ పోయి నీలం రాయి జాతి గ్లాసు వచ్చింది, దాన్ని అత్తరు ఏమీ చేయలేదు. కొన్ని చోట్ల నైట్రైల్ పోయి ఫ్లోరిన్ రబ్బరు వచ్చింది. ఇవన్నీ మంచివే. కాని పట్టీ తోలుదే, కుట్టుదారం దారమే, ముత్యపుచిప్ప డయలు సున్నపురాయి జాతిదే, పద్ధెనిమిది క్యారట్ల బంగారంలో పావువంతు ఇతర లోహాలే. 2020లో గంటగంటకూ శానిటైజరు పూసుకున్న రోజుల్లో తోలు బెల్టులు ఎండుటాకుల్లా బిగుసుకుపోయి వచ్చాయి. డల్లాస్ నుంచి సెలవులకొచ్చే పిల్లల రబ్బరు పట్టీలు సన్‌స్క్రీన్‌కు జిగటలెక్కి వస్తాయి. ఖరీదైన వాచీ యజమాని ఇంకో పొరపాటు చేస్తాడు: అంత డబ్బు పోశాం కనక దానికేమీ కాదనుకుంటాడు. జనతా కొన్న గుమాస్తా రోజూ రాత్రి చేతిరుమాలుతో తుడిచి బల్ల మీద పెట్టేవాడు. నా బల్ల మీది లెక్క ప్రకారం ఆ గుమాస్తాయే వాచీని ఎక్కువ కాలం నిలబెట్టాడు.

నేను చెప్పేవి పాత జాగ్రత్తలే. క్రీము, అత్తరు, దోమలమందు ముందు. అది ఇంకిపోయి చెయ్యి కడుక్కున్నాక వాచీ. రాత్రి తీసినప్పుడు మెత్తటి గుడ్డతో వెనకమూత, కొమ్ముల సందులు తుడవాలి. ఉక్కు చైను అయితే అప్పుడప్పుడు కీ బిగించి ఉందో లేదో చూసుకుని గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. కీ బిగించకుండా కుళాయి కింద పెట్టేవాళ్ళు మాకు అన్నం పెడుతున్నారు. పాత ఆక్రిలిక్ గ్లాసుల మీద స్పిరిట్టు, అసిటోన్ వేయకండి. సర్వీసింగుకు ఇచ్చినప్పుడు రబ్బరు రింగులన్నీ మార్చమని, మార్చాక నీటి పరీక్ష చేయమని నోరు తెరిచి అడగండి. అడగకపోతే మార్చని కొట్లు ఉన్నాయి.

పెళ్ళివారికి వేరే చెబుతున్నాను. అల్లుడికి ఎంత ఖరీదు వాచీ అయినా పెట్టండి. నలుగు, మంగళస్నానం, అత్తర్ల తంతు అన్నీ అయ్యాక పెట్టండి.